రాజధానిలో బస: విజయనగర సందర్శన – చరిత్ర విద్యార్థి ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• మధ్యయుగ రాజధానిలో అతిథి బసకూ రాజనీతికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• విదేశీ యాత్రికుల రచనల ఆధారంగా విజయనగరంలో ఎవరికి ఎక్కడ బస దొరికిందో గుర్తించగలుగుతారు.
• హొసపేట, కమలాపురం, హంపి, ఆనెగొందిలలో ఏ ఊళ్లో ఉంటే రాజధానిలోని ఏ భాగం బాగా అర్థమవుతుందో పోల్చి చెప్పగలుగుతారు.
• కట్టడాల పరిరక్షణ, నివాసితుల హక్కులు – ఈ రెండింటి మధ్య తలెత్తిన వివాదాన్ని సమతూకంతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర విద్యార్థులు పాఠ్యపుస్తకంతోపాటు ఒక్కసారైనా ఒక చారిత్రక రాజధానిని కళ్లతో చూడాలి. తెలుగు విద్యార్థులకు అందుకు అనువైన నగరాల్లో విజయనగరం ముఖ్యమైనది. గుంతకల్లు నుంచి హుబ్బళ్ళి వెళ్లే రైలు మార్గంలో, గుంతకల్లుకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో హొసపేట స్టేషన్ ఉంది. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చక్కదిద్దుకుంటూనో చదువుతున్నవారు. మీకు దొరికేది రెండు రోజుల సెలవు. అందువల్ల బయలుదేరే ముందు మీరు అడిగే మొదటి ప్రశ్న సహజంగానే ‘ఎక్కడ దిగాలి?’ అన్నదే అవుతుంది.

ఈ ప్రశ్నను మనం గది అద్దె, స్నానానికి వేడినీళ్లు, బస్సు సౌకర్యం వంటి వాటితో ముడిపెట్టి వదిలేస్తాం. అవన్నీ అవసరమే. అయితే అది అంతటితో ముగిసే ప్రశ్న కాదు. రాజధానికి వచ్చిన మనిషికి ఎక్కడ బస దొరికిందో చూస్తే ఆ నగరంలో అతని స్థానమేమిటో తెలుస్తుంది. 15, 16వ శతాబ్దాలలో ఇది ఎంత నిజమో, నేడూ అంతే నిజం. మీరు దిగిన ఊరును బట్టి మీకు కనిపించే విజయనగరం మారుతుంది. మీరు చెల్లించే డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నదీ మారుతుంది. ఈ పాఠంలో మొదట నగర స్వరూపాన్ని, తర్వాత ఆనాటి అతిథుల బసను, చివరగా నేడు మీ ముందున్న నాలుగు ఊళ్లను పరిశీలిద్దాం.

2. నగర స్వరూపం

విజయనగరం ఒకే కోటలో ఇమిడిన ఊరు కాదు. తుంగభద్రకు దక్షిణాన, కొండగుట్టల మధ్య విస్తరించిన అనేక పురాల సముదాయం. పురావస్తు పరిశోధకులు దీనిని స్థూలంగా మూడు భాగాలుగా వివరిస్తారు. నది ఒడ్డున విరూపాక్ష, అచ్యుతరాయ, విఠల ఆలయాలున్న ప్రాంతం పుణ్యక్షేత్ర భాగం. దానికి దక్షిణాన కాలువ నీటితో పండే లోయ ఉంది. తుర్తు కాలువ అని పిలిచే ఆనాటి కాలువ ఈ లోయలోని పొలాలకు నేటికీ నీరందిస్తున్నది. లోయ దాటాక ప్రజలు నివసించిన నగర కేంద్రం, దాని నైరుతి దిక్కున మహానవమి దిబ్బ, హజార రామాలయం ఉన్న రాజకేంద్రం వస్తాయి.

నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆనెగొంది విజయనగరం కంటే ముందే కోట ఉన్న ఊరు. దక్షిణాన కమలాపురం చెరువు, ఇంకా నైరుతిగా శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన కొత్త పట్టణం ఉన్నాయి. ఆ కొత్త పట్టణాన్ని నాగలాపురం అనేవారు. రాయల తల్లి నాగలాంబ పేరు దానికి పెట్టారని ప్రతీతి. కన్నడంలో ‘హొస పేటె’ అంటే కొత్త పేట. నేటి హొసపేట అదే.

క్రీ.శ. 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్ ఈ నగరానికి ఏడు ప్రాకారాలున్నాయని రాశాడు. మొదటి మూడు ప్రాకారాల మధ్య పొలాలు, తోటలు, ఇళ్లు ఉన్నాయనీ, లోపలికి పోయేకొద్దీ అంగళ్లు, జనం కిక్కిరిసి ఉన్నారనీ చెప్పాడు. అంటే ఈ నగరంలో లోపలికి వెళ్లడం అంటే అధికారానికి దగ్గర కావడమే. బస గురించి ఆలోచించేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోండి.

3. ఆనాటి అతిథులు

3.1 రాయబారి

అబ్దుర్ రజాక్ హీరాత్ పాలకుడు షారుఖ్ పంపిన రాయబారి. మొదట కాలికట్‌కు వచ్చాడు. రెండవ దేవరాయలు కబురు పంపగా, మంగళూరు మీదుగా విజయనగరం చేరాడు. అతనికి ఎత్తయిన పెద్ద భవనం బసగా ఇచ్చారు. ప్రతిరోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యం, వెన్న, చక్కెర, వాటితోపాటు రెండు బంగారు వరహాలు పంపేవారు. వారానికి రెండుసార్లు సాయంకాలం రాజదర్శనం లభించేది. ఇది ఒక ఇంటివారు మర్యాద కోసం పెట్టిన విందు కాదు. దేవరాయలు హీరాత్ దర్బారుకు చూపిన గౌరవానికి ఇవి కొలమానాలు.

ఆ గౌరవం ఎంత సున్నితమైనదో కూడా అతని రచనే చెబుతుంది. ప్రధానాధికారి దండయాత్రకు వెళ్లి, అతని స్థానంలో మరొకరు వచ్చిన తర్వాత రజాక్‌కు అందే రోజువారీ భత్యం ఆగిపోయింది. అతడు నిజమైన రాయబారి కాడని హోర్ముజ్ వర్తకులు పుకారు కూడా పుట్టించారు. ఇల్లు, బియ్యం, వరహాలు – వీటి హెచ్చుతగ్గులు దర్బారులో గాలి ఎటు వీస్తున్నదో తెలిపే సూచికలు.

ఇదే రెండవ దేవరాయల, అంటే ప్రౌఢదేవరాయల, ఆస్థానానికి మన శ్రీనాథుడు వెళ్లాడనీ, గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేకం పొందాడనీ సాహిత్య చరిత్ర చెబుతుంది. కుళ్ళాయి పెట్టుకొని, పెద్ద అంగీ తొడుక్కొని, నోటికి రుచించని తిండి తిని రాజదర్శనం కోసం పడిగాపులు పడ్డానని మొరపెట్టుకొనే చాటుపద్యం ఒకటి శ్రీనాథుడి పేరున ప్రసిద్ధం. చాటువును శాసనంతో సమానమైన ఆధారంగా తీసుకోకూడదు. అయినా రాజధానిలో పిలుపు అందిన అతిథికీ, పిలుపు కోసం ఎదురుచూసే అతిథికీ ఉన్న తేడా తెలుగువారి జ్ఞాపకంలో ఎలా నిలిచిందో అది చూపుతుంది.

3.2 వర్తకుడు

బస కల్పించడం రాజనీతిలో భాగమని స్పష్టంగా చెప్పిన గ్రంథం తెలుగులోనే ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ నాలుగవ ఆశ్వాసంలో, యామునాచార్యుడు కుమారుడికి చేసిన బోధ రూపంలో, రాజధర్మాన్ని వివరించాడు. ఏనుగులను, మేలిజాతి గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి నివాసాలు, దర్శనం, కానుకలు, తగిన లాభం ఇచ్చి తనవారిగా చేసుకోవాలన్నది అందులోని ఒక సూత్రం. దాని ఉద్దేశం దాపరికం లేకుండా అక్కడే చెప్పాడు: ఆ ఏనుగులూ గుర్రాలూ శత్రువుకు దక్కకూడదు. అశ్వదళం మీద ఆధారపడిన ఆనాటి యుద్ధనీతిని మీరు ఇంతకుముందే చదివారు. దానిని ఈ సూత్రంతో కలిపి చూడండి. గుర్రాల వర్తకుడికి ఇచ్చే ఇల్లు సైనిక వ్యయంలో ఒక భాగమని బోధపడుతుంది.

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉండేదో పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పయస్ రచనలో కనిపిస్తుంది. క్రీ.శ. 1520 ప్రాంతంలో క్రిస్టోవో డి ఫిగ్యురెడో బృందంతో కలిసి అతడు వచ్చినప్పుడు రాయలు కొత్త పట్టణంలో, అంటే నేటి హొసపేటలో ఉన్నాడు. రాజాజ్ఞ మేరకు ఫిగ్యురెడోకు అందమైన ఇళ్లలో విడిది ఇచ్చారు. సామంతులు, సేనాధిపతులు వచ్చి పలకరించారు. గొర్రెలు, కోళ్లు, వెన్న, తేనె నిండిన కుండలు వచ్చాయి. ఫిగ్యురెడో వాటిని తన వెంట వచ్చిన కాల్బలానికి పంచిపెట్టాడు. ఆ తర్వాతే వారికి రాజభవనంలోని కొన్ని భాగాలను చూసే అనుమతి లభించింది. ముందు విడిది, తర్వాత దర్శనం, ఆపై అనుమతి – ఇదీ వరుస.

3.3 యాత్రికుడు

రాయబారులకూ వర్తకులకూ రాజు ఇల్లు చూపించాడు. మరి పిల్లాపాపలతో తిరునాళ్లకు వచ్చిన సామాన్యుడి మాటేమిటి? పయస్ దీనికి కూడా సమాధానం రాసిపెట్టాడు. విరూపాక్షాలయం తూర్పు ద్వారం ఎదుట ఒక అందమైన వీధి ఉందనీ, అందులోని ఇళ్లకు వసారాలు ఉన్నాయనీ, గుడికి వచ్చే యాత్రికులు వాటిలో ఆశ్రయం పొందుతారనీ, పెద్దింటివారు దిగడానికి కూడా ఇళ్లున్నాయనీ చెప్పాడు. రాజు ఆ గుడికి వచ్చినప్పుడు ఉండేందుకు అదే వీధిలో ఒక భవనం ఉందని కూడా రాశాడు. మనం నేడు హంపి బజారు అని పిలిచే రథవీధి అదే. విరూపాక్ష గోపురం నుంచి తూర్పున ఏకశిలా నంది వరకు సుమారు ముప్పావు కిలోమీటరు పొడవున రెండు వైపులా రాతి మండపాలు బారులు తీరి కనిపిస్తాయి.

ఈ వాక్యాలను మరొకసారి చదవండి. ఒకే వీధిలో రాజు, పెద్దింటివారు, దారిన వచ్చిన యాత్రికుడు బస చేసేవారు. అధికార కేంద్రంలో అంతస్తులు విడదీసిన మనుషులను పుణ్యక్షేత్రం కనీసం ఒక వీధి మేరకు దగ్గర చేర్చింది. యాత్రికులకు ఆశ్రయం ఇవ్వడం ఆ వీధికి తర్వాతి కాలంలో అంటిన పని కాదని, మొదటి నుంచీ ఉన్న పని అని గుర్తుంచుకోండి. ఆరవ విభాగంలో దీని అవసరం వస్తుంది.

బస గురించిన పదాలను శాసనాల్లో చూసినప్పుడు కొంత జాగ్రత్త అవసరం. రెండవ దేవరాయల కొలువులోని అహమ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో రాజుకు పుణ్యం కలగాలని ఒక కట్టడం కట్టించాడు. కన్నడ శాసనం దానిని ‘ధర్మశాల’ అంటుంది. వెళ్లి చూస్తే అది మసీదు. నేటి అర్థంతో చదివితే దానిని సత్రంగా పొరబడతాం. మాటను శాసనంలో చదవాలి, కట్టడాన్ని నేల మీద చూడాలి. రెండూ కలిస్తేనే ఆధారం నిలుస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
గమనిక: సమాధానాలను మీ నోటుపుస్తకంలో రాసి, 3వ విభాగంతో సరిచూసుకోండి.
(అ) అబ్దుర్ రజాక్‌కు అందిన బస, భత్యాలను రాజకీయ సూచికలుగా ఎందుకు భావించాలి?
(ఆ) విదేశీ వర్తకుల నివాసం గురించి ‘ఆముక్తమాల్యద’ చెప్పిన సూత్రం ఏమిటి?

4. ఖాళీ అయిన నగరం

1565 జనవరిలో జరిగిన రాక్షసతంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించాడు. తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండకు తరలిపోయాడు. రెండేళ్ల తర్వాత, 1567లో, ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఇక్కడికి వచ్చాడు. ఇళ్లు ఇంకా నిలిచే ఉన్నాయనీ, కానీ వాటిలో మనుషులు లేరనీ, పులులూ అడవి మృగాలూ తిరుగుతున్నాయని చెప్పుకుంటారనీ రాశాడు. తన పనికి ఒక నెల చాలినా, దారుల్లో దొంగల భయం వల్ల ఏడు నెలలు ఉండిపోవలసి వచ్చింది.

రజాక్, పయస్, ఫ్రెడరిక్ – ఈ ముగ్గురి బసలను పక్కపక్కన పెట్టి చూడండి. రాజ్యం నిలదొక్కుకున్నప్పుడు అతిథికి ఇల్లు, భోజనం, రక్షణ దొరికాయి. రాజ్యం కూలినప్పుడు ఇళ్లు మిగిలాయి, ఆతిథ్యం మిగలలేదు. నగరం అంటే గోడలు కాదు, వచ్చినవారికి చోటు చూపగల వ్యవస్థ. ఈ పాఠంలో మీరు గ్రహించవలసిన ప్రధాన విషయం ఇదే.

మరొక సంగతి. నేడు మనకు కనిపించేవి ఎక్కువగా రాతి కట్టడాలు. సామాన్యుల ఇళ్లకు గడ్డి కప్పులు ఉండేవనీ, అయినా అవి చక్కగా కట్టినవనీ, వృత్తుల వారీగా పొడవైన వీధుల్లో అమరి ఉండేవనీ 16వ శతాబ్దపు తొలినాళ్లలో బార్బోసా రాశాడు. ఆ ఇళ్లు మట్టిలో కలిసిపోయాయి. కాబట్టి విజయనగరాన్ని చూసేటప్పుడు కనబడని ఆ ఇళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. ఈనాటి నాలుగు బసలు

5.1 హొసపేట

రైలు, బస్సు రెండూ ఉన్న పట్టణం ఇదే. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాకు కేంద్రం. తక్కువ ధర గదుల నుంచి పెద్ద హోటళ్ల వరకు అన్నీ దొరుకుతాయి. అర్ధరాత్రి రైలు దిగేవారికి, వృద్ధులను వెంట తెచ్చేవారికి ఇది అనువైన ఊరు. హంపిలో దిగకపోతే హంపి చూసినట్టు కాదని కొందరంటారు. ఆ మాటను పట్టించుకోనక్కరలేదు. రాయలు ఫిగ్యురెడోకు దర్శనమిచ్చింది ఈ ఊళ్లోనే.

ఇక్కడ దిగితే మీకు అర్థమయ్యేది నగరానికి వచ్చే దారి. కొత్త పట్టణం నుంచి రాజధాని వరకు విశాలమైన వీధి ఉండేదనీ, ఇరువైపులా ఇళ్లు, అంగళ్లు ఉండేవనీ, బాటసారుల నీడ కోసం రాజు చెట్లు నాటించాడనీ పయస్ రాశాడు. ఉదయం హంపి బస్సులో వెళ్లేటప్పుడు అనంతశయనగుడి దగ్గర దిగండి. అక్కడి ఆలయం 1524 నాటిది. రాజధాని శివారు ఎంత దూరం పాకిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. హొసపేట ప్రస్తుత రూపానికి 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట కూడా ఒక కారణం. ఆ ఆనకట్ట కింది కాలువల వెంబడి గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు రైతుల ‘క్యాంపులు’ నేటికీ ఉన్నాయి. ఈ ప్రాంతంలో తెలుగు వినిపించడానికి రాయల కాలం ఒక్కటే కారణం కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

హొసపేటలో ఉన్న లోపం సమయం. రోజూ రాకపోకలకే గంటకు పైగా పోతుంది. తెల్లవారుజామున, సంధ్యవేళ శిథిలాల మధ్య ఉండే అవకాశం తగ్గుతుంది.

5.2 కమలాపురం

రాజకేంద్రానికి ఆనుకొని ఉన్న ఊరు. హంపికి నాలుగు కిలోమీటర్లు. భారత పురావస్తు శాఖ మ్యూజియం ఇక్కడే ఉంది. మొత్తం నగరానికి చేసిన నమూనా అందులో కనిపిస్తుంది. శిథిలాల్లోకి అడుగుపెట్టక ముందే దానిని చూడండి. లేకపోతే రెండు రోజులూ విడివిడి కట్టడాలను చూస్తారే తప్ప నగరాన్ని చూడరు. కర్ణాటక పర్యాటకాభివృద్ధి సంస్థ హోటల్, మరికొన్ని చిన్న బసలు ఇక్కడ ఉన్నాయి.

ఇక్కడి నుంచి మహానవమి దిబ్బ, మెట్ల కోనేరు, హజార రామాలయం, కమల మహల్, గజశాలలకు నడిచో, సైకిలు మీదో వెళ్లవచ్చు. కమలాపురం చెరువు చూసి, రాజకేంద్రంలోని రాతి నీటితొట్ల వరుసను చూస్తే, నీరు లేనిదే ఈ రాజధాని లేదన్న సంగతి పుస్తకం అక్కరలేకుండానే తెలుస్తుంది. పట్టాభిరామాలయం ఊరికి దగ్గరే. అక్కడ జనం తక్కువ, కట్టడం మాత్రం పెద్దది.

5.3 హంపి

విరూపాక్షుడి చుట్టూ ఉన్న చిన్న గ్రామం. ఇక్కడ ఇళ్లలోనే అతిథి గదులుంటాయి. క్షేత్రం కాబట్టి మాంసాహారం, మద్యం అమ్మరు. ఇక్కడ ఉండేవారికి దొరికేది కాలం. బస్సులు వెళ్లిపోయిన తర్వాత, గుడి తెరిచే వేళకు ముందు, ఊరు తన పనిలో తాను ఉన్నప్పుడు చూడగలుగుతారు. హేమకూటం, కడలెకాళు గణపతి, 1513 నాటి కృష్ణాలయం నడక దూరంలోనే ఉన్నాయి. నెల్లూరు ప్రాంతపు ఉదయగిరి విజయం తర్వాత అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి ప్రతిష్ఠించడానికి రాయలు ఈ కృష్ణాలయాన్ని కట్టించాడు. నది వెంబడి నడిస్తే విఠలాలయం చేరవచ్చు. చైత్రంలో రథోత్సవానికి వెళ్తే, పయస్ చెప్పిన వీధి ఎందుకంత విశాలంగా ఉందో వేరే చెప్పనక్కరలేదు.

5.4 ఆనెగొంది

నది అవతల, కొప్పళ జిల్లాలో ఉంది. కోట ద్వారాలు, రంగనాథాలయం, గగన్ మహల్, ఇప్పటికీ జనం నివసిస్తున్న పాత వీధులు ఇక్కడ చూడవచ్చు. నది మధ్య దిబ్బ మీద నవబృందావనం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు గౌరవించిన వ్యాసతీర్థుల బృందావనం అక్కడిదే. సమీపంలోని అంజనాద్రిని హనుమంతుడి జన్మస్థలంగా భక్తులు కొలుస్తారు. ఊరిలో కొందరు తమ ఇళ్లలో అతిథులకు గదులిస్తారు.

వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రని పుట్లలో పదిహేను, ఇరవై మందిని నది దాటించేవారనీ, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు కూడా దాటేవనీ పయస్ రాశాడు. తోలు స్థానంలో వేరే సరుకు వచ్చినా పుట్టి ఆకారం మారలేదు. జలాశయం గేట్లు ఎత్తినప్పుడు మాత్రం పుట్లు, పడవలు ఆగిపోతాయి. అప్పుడు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి రావాలి. వర్షాకాలంలో వెళ్లేవారు ఇది తెలుసుకొని బస నిర్ణయించుకోవాలి.

6. బస, బాధ్యత

1986లో యునెస్కో హంపి కట్టడాల సముదాయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వంతెనల నిర్మాణం వల్ల స్థల స్వరూపం దెబ్బతింటుందన్న కారణంతో 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చి, 2006లో తొలగించింది. ఆనెగొంది వైపు కడుతున్న వంతెన 2009 జనవరిలో కూలి కార్మికులు మరణించారు. స్థల నిర్వహణ కోసం కర్ణాటక ప్రభుత్వం 2002లో ప్రత్యేక ప్రాధికార సంస్థ చట్టం తెచ్చింది.

బసతో నేరుగా ముడిపడిన రెండు ఘట్టాలున్నాయి. హంపి బజారు మండపాల్లోనూ, వాటి చుట్టూ కొన్ని దశాబ్దాలుగా కుటుంబాలు కాపురముంటూ, అంగళ్లు, భోజనశాలలు, అతిథి గదులు నడిపేవి. 2011 జులైలో అధికారులు వాటిని తొలగించారు. అక్కడివారిని కొన్ని కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపురానికి తరలించాలని నిర్ణయించారు. పరిహారం గురించీ, స్థలాల గురించీ వివాదం చాలాకాలం నడిచింది. రెండవది, నది అవతల విరూపాపుర గడ్డె మీద వెలిసిన రిసార్టుల తొలగింపును 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాతి నెలలో వాటిని కూల్చివేశారు.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. గడ్డె మీదివి పర్యాటకం కోసం పుట్టిన వ్యాపార కట్టడాలు. బజారులో ఉన్నవాటిలో చాలావరకు నివాసాలు. రాతి స్తంభాలకు మేకులు కొట్టి, మధ్య గోడలు లేపి, పొయ్యిలు పెడితే మండపం నిలవదన్న పురావస్తు శాఖ వాదనలో న్యాయం ఉంది. స్తంభం ఒకసారి పగిలితే ఏ తీర్పూ దానిని తిరిగి అతికించలేదు. అయితే 3.3లో చదివినదాన్ని ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. బాటసారికి చోటివ్వడమే ఆ వీధి పుట్టిన పని. మనుషులు లేని వీధినే ‘అసలైన’ వీధి అనుకుంటే, మనం కాపాడుతున్నది పయస్ చూసిన 1520 నాటి వీధిని కాదు, ఫ్రెడరిక్ చూసిన 1567 నాటి వీధిని.

నా అభిప్రాయం ఇది. రాతిని కాపాడటానికి నివాసాలను తరలించక తప్పని చోట తరలించవచ్చు. కానీ ముందు ప్రత్యామ్నాయ ఇల్లు, జీవనోపాధి చూపి, తర్వాతే తరలించాలి. ఆ కుటుంబాల జ్ఞాపకాలు, వృత్తులు కూడా ఈ స్థల చరిత్రలో భాగమే. వారిని కేవలం ఆక్రమణదారులని రాసి వదిలేయడం చరిత్ర రచన అనిపించుకోదు. మీరు నాతో ఏకీభవించనవసరం లేదు. ఏ పక్షం తీసుకున్నా ఆధారాలు చూపి వాదించాలి.

7. మీరు ఎలా ఎంచుకోవాలి?

ఒకే రాత్రి ఉండగలిగితే కమలాపురంలో ఉండండి. నగర నమూనా, రాజకేంద్రం, నీటి వ్యవస్థ – మీ పాఠ్యాంశాలకు అత్యంత దగ్గరగా ఉన్నవి అక్కడే. రెండు రాత్రులు దొరికితే రెండవది హంపిలోనో, నది శాంతంగా ఉన్న కాలమైతే ఆనెగొందిలోనో గడపండి. రాజు నగరాన్నీ, యాత్రికుడి నగరాన్నీ పోల్చుకొనే అవకాశం వస్తుంది. ఖర్చు, ఆరోగ్యం, పసిపిల్లలు వంటి కారణాలుంటే నిస్సంకోచంగా హొసపేటలో దిగి, మొదటి బస్సు పట్టుకోండి. వేసవిలో బండరాళ్ల వేడికి మధ్యాహ్నం తిరగడం కష్టం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం.

గది తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ బసకు అనుమతి ఉందా? దీనిని నడిపేవారు ఈ ఊరివారేనా? పాత మండపాన్నో, కోట గోడనో వాడుకొని కట్టినదా? మొదటి రెండింటికి అవును, మూడవదానికి కాదు అన్న జవాబు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. వీలైతే ఒక పూట ఇంటివారితో మాట్లాడండి. వారి తాతల కాలంలో ఆ వీధి ఎలా ఉండేదో అడిగి రాసుకోండి. ఏ శాసనంలోనూ లేని ఆధారం అది. అడిగితేనే దొరుకుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
గమనిక: సమాధానాలను 5, 6 విభాగాలతో సరిచూసుకోండి.
(అ) హొసపేటలో దిగిన విద్యార్థికి రాజధాని గురించి ప్రత్యేకంగా తెలిసేది ఏమిటి?
(ఆ) 2011, 2020 తొలగింపుల మధ్య తేడా ఏమిటి?

సారాంశం

విజయనగరంలో బస అధికారంతో ముడిపడిన విషయం. రాయబారికి ఇచ్చిన భవనం దౌత్యగౌరవానికి, వర్తకుడికి ఇచ్చిన ఇల్లు సైనిక అవసరానికి గుర్తులు. విరూపాక్షాలయం ఎదుటి వీధి సామాన్య యాత్రికుడికి ఆశ్రయమిచ్చింది. 1565 తర్వాత ఆ ఆతిథ్య వ్యవస్థ కూలడంతో నగరం నగరంగా మిగలలేదు. నేటి హొసపేట, కమలాపురం, హంపి, ఆనెగొంది ఆనాటి రాజధానిలోని వేర్వేరు భాగాలకు వారసులు. ఎక్కడ దిగాలో ఎంచుకోవడమంటే ఏ నగరాన్ని చూడదలచుకున్నామో, ఎవరి జీవనానికి తోడ్పడదలచుకున్నామో నిర్ణయించుకోవడమే.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విదేశీ యాత్రికుల రచనల ఆధారంగా విజయనగరంలో అతిథి బసకూ రాజనీతికీ ఉన్న సంబంధాన్ని చర్చించండి.
2. హంపి బజారు విషయంలో కట్టడాల పరిరక్షణ, నివాసితుల హక్కుల వాదనలను పరిశీలించి, మీ అభిప్రాయాన్ని ఆధారాలతో సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సీజర్ ఫ్రెడరిక్ వర్ణన ప్రాముఖ్యం ఏమిటి?
2. ‘ధర్మశాల’ అన్న పదాన్ని శాసనంలో చదివినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను ఒక ఉదాహరణతో వివరించండి.

III. క్షేత్ర పని
మీ జిల్లాలో ఒక పాత రాజధానినో, కోట ఉన్న ఊరినో ఎంచుకోండి. అక్కడి సత్రం, మఠం, చావడి, లాడ్జి – ఏవైనా రెండు బసలను చూసి, వాటిని ఎవరు ఎవరి కోసం కట్టించారో, ఇప్పుడు వాటిలో ఎవరు ఉంటున్నారో విచారించి రెండు పేజీల నివేదిక రాయండి.